టెంకాయలు నేను కొన్నవే

సైన్యానికి పోవాలనుకునే పిల్లలు మా రాయచోటిలో నా దగ్గరకు వస్తుంటారు. ఎన్ని నిమిషాల్లో పరుగెత్తాలి, ఛాతీ ఎంత ఉండాలి, ఏ పుస్తకం చదవాలి అని అడుగుతారు. అవన్నీ నాకంటే వాళ్ల చేతిలోని సెల్‌ఫోనే బాగా చెబుతుంది. నేను తుపాకీతో పేరు తెచ్చుకున్న మనిషిని కాదు. నా సర్వీసంతా బియ్యం, పప్పు, ఉప్పు, చింతపండు చూసుకుంటూ గడిచింది. రేషన్ సుబేదారుగా దిగిపోయాను. "యుద్ధం చేశారా సార్?" అని ఎవరైనా అడిగితే, "చేశాను నాయనా, గోదాములో ఎలుకలతో" అంటాను.

అందుకని ఎవరూ అడగని సంగతి ఒకటి రాస్తున్నాను. దేశంగాని దేశంలో, ముళ్లకంచె లోపల, వారానికొకసారి దేవుడి ముందు నిలబడడం కూడా ఈ ఉద్యోగంలో భాగమే. ఆ పని ఒకసారి నా చేతుల్లో ఎట్లా చెడిందో చెబితే, బాగా చేసినవాటి గురించి చెప్పినదానికంటే మీకు ఎక్కువ పనికొస్తుంది.

అంగడి బుద్ధి

మా నాయనకు గుడివీధిలో చిన్న అంగడి. టెంకాయలు, కర్పూరం, ఊదుబత్తులు, పసుపు కుంకుమ. నాకు అక్షరాలకంటే ముందు టెంకాయలు వచ్చాయి. "చెవికాడ పెట్టి ఊపు. లోపల నీళ్లు మాట్లాడాల. మాట్లాడకపోతే పక్కన పెట్టు" అనేవాడు మా నాయన. పదేళ్లు వచ్చేసరికి, అవతలివాడు ఊపుతుంటే ఇటుపక్క నిలబడి చెప్పేవాణ్ని, కాయ మంచిదో కాదో.

బేరం కూడా అక్కడే నేర్చుకున్నాను. మనుషులతో సరిపోక దేవుడితో కూడా ఆడేవాణ్ని. పదో తరగతి పాస్ చేయిస్తే నూటొక్క టెంకాయ కొడతానని మొక్కుకుని, పాసయ్యాక, "మార్కులు తక్కువొచ్చాయి కాబట్టి పదకొండు" అని తేల్చేశాను. ఆయన ఎదురు మాట్లాడలేదు కాబట్టి బేరం కుదిరిందనే అనుకున్నాను. సైన్యంలో నాకు 'శెట్టి సాబ్' అని పేరు పడింది. దాన్ని పొగడ్తగానే తీసుకున్నాను, చాలాకాలం.

ఆదివారం పరేడ్

కొత్తగా చేరేవాళ్లకు తెలియకపోవచ్చు. మన సైన్యంలో ఆదివారం పొద్దున మందిర్ పరేడ్ ఉంటుంది. పరేడ్ అంటే పరేడే. స్నానం చేసి, ఉతికిన బట్టలతో, చెప్పులు విడిచి, వరసగా కూచోవాలి. జవాన్లు ఏ దేవుడికి మొక్కుతారో వాళ్ల అధికారి కూడా ఆ దేవుడికే మొక్కుతాడు. ఎవరూ బలవంతం చేయరు. అది మన సైన్యంలో ఆచారం.

నేను చెప్పబోయే కాలంలో మా కర్నల్ సాబ్ కేరళ క్రైస్తవుడు. తెల్లవారుజామున తన గదిలో మోకాళ్ల మీద ప్రార్థన చేసుకుని, ఆరింటికి మా ముందు వరసలో పద్మాసనం వేసుకుని కూచునేవాడు. హారతి వచ్చినప్పుడు రెండు చేతులూ మంట మీదుగా తిప్పి కళ్లకద్దుకునేవాడు. అంతకుముందు నాకు పైఅధికారిగా ఉన్న ఒకాయన గుళ్లో కూడా గడియారం చూసుకునేవాడు. రిజిస్టరులో ఇద్దరికీ హాజరు ఒకేలాగ పడుతుంది. జవానుకు మాత్రం తేడా తెలుస్తుంది. మీరు పైకి ఎదిగితే ఈ ఒక్క మాట గుర్తుపెట్టుకోండి.

అప్పుడు మేం దక్షిణ సూడాన్‌లో ఐక్యరాజ్యసమితి శాంతిసేనలో ఉన్నాం. నెత్తిన నీలం టోపీ. రెండు పక్షాలు కొట్టుకుంటుంటే మధ్యలో జనం చావకుండా చూడడం పని. నైలు నది ఒడ్డున మా క్యాంపు. అందులో ఒక రేకుల షెడ్డే అన్ని మతాల మందిరం. ఒకవైపు రాముడి పటం, ఇంకోవైపు పట్టుగుడ్డలో గురుగ్రంథం, ఒక గూట్లో ఖురాను, గోడకు శిలువ. ఊళ్లో వీధికొకటిగా చూసిన దేవుళ్లను ఒకే రేకు కింద చూసిన మొదటిరోజు నేను గడపలోనే నిలబడిపోయాను. బయట నలభై డిగ్రీల ఎండ, లోపల నలుగురూ సర్దుకుని ఉన్నారు.

గుత్తబేరం

ఆ షెడ్డుకు పూజసామాను చూడడం కూడా నా పనే. టెంకాయలు మన దేశం నుంచి వచ్చేవి. ఆ విడత సరుకు ఆలస్యమైంది. ఎదురుగా ఆదివారం. ఆ ఆదివారమే రేషన్ లారీలు బయలుదేరాలి.

ఎక్కడికంటే, ఒక పగటి ప్రయాణం అవతల, చిత్తడినేలలు దాటాక మాకొక చిన్న పోస్టు ఉంది. ముప్పై మంది జవాన్లు. వాళ్ల దగ్గర నాలుగు రోజుల తిండి మిగిలింది. వానమబ్బుకు హెలికాప్టర్లు దిగలేకపోతున్నాయి. ఉన్న దారి ఒక్కటే. బురదనీళ్ల మధ్య మట్టికట్ట, లారీ పట్టేంత వెడల్పు. వాన ముదిరితే అదీ ఉండదు.

ముందు లారీ నడిపేది నాయక్ తిమ్మప్ప. పత్తికొండ దగ్గర పల్లె. ఆ కట్టది నల్లమట్టి. "మా ఊరి రేగడే సాబ్ ఇది. తడిసిందంటే సబ్బు" అని నవ్వేవాడు. బెటాలియన్‌లో ఆ మట్టి మీద లారీ నిలబెట్టగలిగినవాడు అతనొక్కడే. అందుకే అతను ముందు. అతని చక్రాల గాడిలోనే మిగతా ఆరు లారీలు పోవాలి.

టెంకాయల కోసం నేను రేవుకు పోయాను. పడవల్లో సరుకు తెచ్చే వ్యాపారి దగ్గర ఒక్క బస్తా ఉంది. ఏరుకుంటే ఒక ధర, విప్పకుండా గుత్తగా తీసుకుంటే సగం ధర. చూడొద్దన్నవాడు తాను చూసే ఉంటాడు గదా! మా నాయన అయితే అక్కణ్నుంచే లేచి వచ్చేవాడు. నేను సగంలో సగానికి అడిగాను. వాడు కాసేపు ఏడుపుముఖం పెట్టి ఇచ్చేశాడు. జీపులో ఈల వేసుకుంటూ క్యాంపుకు వచ్చాను. ఒక్క కాయ కూడా చెవి దగ్గర పెట్టుకోలేదు.

ఆదివారం హారతి అయ్యాక మా బెటాలియన్ పూజారి పండిత్‌జీ తిమ్మప్పను పిలిచాడు. బయలుదేరే ముందు బండి నడిపేవాడు టెంకాయ కొట్టడం రివాజు. కొట్టాడు. నల్లటి నీళ్లు, పాచివాసన. పండిత్‌జీ ఇంకోటి అందించాడు. అదీ అంతే. మూడోది పగిలేసరికి ముందు వరసలో ఒకరు ముక్కు మూసుకున్నారు. రెండువందల మంది కూచున్న షెడ్డు నిండా ఆ వాసనే. తిమ్మప్ప చిప్పలు పట్టుకుని పటం వంక చూస్తూ ఉండిపోయాడు.

నేను మూడో వరసలో ఉన్నాను. లేచి, "ఆ బస్తా నేను చూడకుండా కొన్నాను" అనడానికి ఎంతసేపు పడుతుంది? కూచునే ఉన్నాను.

రెండోసారి ఫాలిన్

పరేడ్ అయ్యాక లారీల దగ్గరకు పోయాను. తిమ్మప్ప టైర్లు చూస్తున్నాడు.

"ఏమప్పా, అట్లున్నావు?"

"పోనని చెప్పను సాబ్. హుకుం అయినాక పోవాల్సిందే. ఈ చెయ్యి సూడండి." కుడిచెయ్యి చాపాడు. వేళ్లు సన్నగా వణుకుతున్నాయి. "ఈ చేత్తో కట్ట మింద స్టీరింగ్ పట్టుకోవాల. మూడు కాయలు సాబ్. ఒగటైతే ఏమో అనుకుందును."

దేవుడు వద్దంటున్నాడని అతని నమ్మకం. వెనకాల ఆరుగురు డ్రైవర్లూ ఆ చెయ్యినే చూస్తున్నారు.

నేను పరుగున పండిత్‌జీ దగ్గరకు పోయాను. గఢ్వాల్ కొండలవాడు, నెమ్మదస్తుడు. "ఏదన్నా శాంతి చేయండి మహరాజ్, పిల్లల మనసు కుదుటపడుతుంది" అన్నాను. అప్పుడు కూడా నా పేరు బయటపడకుండా పని జరగాలనే నా ఆశ.

ఆయన గిన్నెలు తుడుచుకుంటూనే అడిగాడు. "కాయలు దేవుడు కొన్నాడా, నువ్వు కొన్నావా?"

"నేనే."

"చూసి కొన్నావా?"

"లేదు."

"అయితే దేవుడి మీద వేసిన మాట దింపాల్సింది నువ్వు. నా దగ్గర దానికి మంత్రం లేదు."

కర్నల్ సాబ్‌కు చెప్పాను. ఆయన ముఖం మారలేదు. "అయిదు నిమిషాలు" అన్నాడు. అందరినీ మళ్లీ ఫాలిన్‌కు పిలిచి షెడ్డులో వరస కట్టించాడు. అందరూ మళ్లీ చెప్పులు విడిచారు. రాముడికి వీపు పెట్టకూడదని పక్కగా నిలబడి చెప్పాను, అంగడివాడి కొడుకుని, టెంకాయలు తెలిసినవాణ్ని, చవకకు ఆశపడి బస్తా విప్పకుండా తెచ్చాను, ఈ కుళ్లు నాది, ఏ శకునమూ కాదు అని. కోపంతో ఎవరైనా ఒక మాట అని ఉంటే బాగుండేది. పండిత్‌జీ బస్తాలో మిగిలిన కాయలన్నీ నాతోనే కొట్టించాడు. నూటికి ఎనభై పాడైనవే. తర్వాత విచారణ జరిగింది, హెచ్చరిక నా ఫైలుకెక్కింది. న్యాయమే. అయితే ఫైలుకంటే ఆ షెడ్డులో నిలబడిన అయిదు నిమిషాలే పెద్దవి.

బయటికి వచ్చాక తిమ్మప్ప నా ముందుకొచ్చాడు. నవ్వు లేదు.

"మీ మాట నిజమే కావచ్చు సాబ్. నిజమని నా మనసుకు తెలుస్తాండాది, చేతికి తెల్డం ల్యా. ఒగ పని చెయ్యండి. కాయలు మీవి. నా పక్కన కూచోండి."

రేషన్ సుబేదారు లారీలో పోవాలని రూలు లేదు. జీవితంలో మొదటిసారి, అడిగిన ధరకే ఒప్పుకున్నాను.

గడ్డికప్పు కింద

రెండు గంటలు బాగానే పోయాం. తిమ్మప్ప చూపు కట్ట మీదే. తర్వాత ఒక పల్లె దగ్గర కట్ట మెత్తబడి, మా లారీ వెనక చక్రాలు ఇరుసుదాకా దిగిపోయాయి. ముందూ వెనకా కదిలే దారి లేదు. ఎస్కార్టుగా వచ్చిన కెప్టెన్ జవాన్లను కాపలాకు పెట్టి, నన్నూ, మా దగ్గరుండి హిందీ నేర్చిన అక్కడి దుబాసీ పీటర్‌నూ మనుషుల కోసం పంపాడు.

పల్లెలో ఇళ్లన్నీ ఖాళీ. అందరూ ఊరి చివర ఒక గడ్డికప్పు కింద ఉన్నారు. గోడలు లేవు. మట్టితో కట్టిన సన్నటి గట్లే కూచునే బల్లలు. తెల్లగుడ్డలు చుట్టుకున్న ఆడవాళ్లు, ఒళ్లంతా బూడిద పూసుకున్న పశువుల కాపర్లు, ఆవుతోలు డోలు, రెండు కట్టెలు కట్టిన శిలువ. ప్రార్థన నడుస్తోంది.

గుడి నడిపే పెద్దాయన బయటికి వచ్చాడు. నేను అలవాటు ప్రకారం మొదలుపెట్టాను. "అరగంట పని. చక్కెర ఇస్తాం, పిండి ఇస్తాం, నూనె కూడా ఇస్తాం." పీటర్ చెప్పాడు. పెద్దాయన తల అడ్డంగా ఊపాడు. రెండు బస్తాలు పెంచాను. ఆయన ఏదో అని లోపలికి పోయాడు.

"ఏమన్నాడు?"

"ఇంకా చెప్పడం అయిపోలేదట. అయ్యాక అందరూ వస్తారట. ఎండలో ఎందుకు, లోపలికి వచ్చి కూచోమన్నాడు."

కెప్టెన్‌కు చెబితే, సగం మంది కాపలా, సగం మంది లోపలికి అన్నాడు. తుపాకులు బయటే వదిలి, బూట్లు విప్పి, మేం చివరి గట్టు మీద కూచున్నాం. మేం బూట్లు విప్పడం చూసి పిల్లలు నవ్వారు. తిమ్మప్ప నాకు అవతలివైపు ఒక ముసలమ్మ పక్కన కూచున్నాడు.

పెద్దాయన ఏదో చెబుతున్నాడు. జనం మధ్యమధ్య అందుకుని సరిచేస్తున్నారు. నేను పీటర్ చెవిలో అడిగాను. "ఏం కోరుకుంటున్నారు?"

"కోరుకోవడం ఇంకా మొదలుకాలేదు సార్. వారంలో జరిగిందంతా దేవుడికి చెబుతున్నారు. ఎవరి ఆవు ఈనింది, ఏ వాగు పొంగింది, ఎవరింట్లో జ్వరం, ఎవరు చచ్చిపోయారు, దారిలో ఎవరున్నారు. ఇప్పుడు మీ లారీ దిగిపోయిన సంగతి చెప్పారు."

గంటన్నర అట్లాగే చెప్పారు. మా గుడివీధిలో కుంకుమ పొట్లాలు కట్టినవాణ్ని, బ్రహ్మోత్సవాల్లో వేల మందిని చూసినవాణ్ని, నేను ఇట్లాంటిది చూడలేదు. నేను దేవుడి దగ్గరకు పోయిన ప్రతిసారీ, అవసరం ఉన్న గిరాకీ అంగట్లోకి దూరినట్టు, నాకు కావలసింది ముందు చెప్పేవాణ్ని. వీళ్లు ఇంటిమనిషితో కూచున్నట్టు కూచున్నారు. కాల్చిన ఊళ్లనుంచి పారిపోయి వచ్చినవాళ్లని తర్వాత తెలిసింది. అడగడానికి వాళ్లకు తక్కువేమున్నాయి? చివర్లో అడిగారు. అదీ ఎంతసేపు! రెండు మాటలు. తర్వాత డోలు మోగింది.

ఆ పాటను నేను రాయలేను. మొదట ఒకే గొంతు, తర్వాత అందరూ. పాడుతూ పైకి ఎగురుతుంటే కింద నేల అదిరేది. మట్టిగట్టు మీద కూచున్న నా వెన్నులో ఆ అదురు పాకింది. నా పక్కనున్న సర్దార్ హవల్దార్ కళ్లు మూసుకున్నాడు. ఎవరి దేవుణ్ని తలుచుకున్నాడో అడగలేదు.

తిమ్మప్ప వైపు చూశాను. చేతులు మోకాళ్ల మీద పెట్టుకున్నాడు, వేళ్లు అట్లాగే వణుకుతున్నాయి. ముసలమ్మ అటు చూడకుండానే, పాడుతూనే, ఆ కుడిచెయ్యిని తీసి తన ఒళ్లో పెట్టుకుంది. పాట అయ్యేదాకా వదల్లేదు. వణుకు ఆగిందో లేదో నాకు తెలియదు. ఆమె రెండు చేతుల కింద ఏమీ కనబడలేదు.

అయ్యాక ఎనభై మంది వచ్చారు. మోకులు కట్టి, అదే పాటతో లాగారు. తిమ్మప్ప స్టీరింగ్ ముందు కూచున్నాడు. లారీ లేచింది. నేను చక్కెర బస్తాలు దించాను. పెద్దాయన అడిగించాడు, ఇది కూలా, విందా అని. "విందు" అన్నాను. అప్పుడు తీసుకున్నారు.

పొద్దు గుంకకముందే పోస్టు చేరాం. ముప్పై మంది పరుగెత్తుకుంటూ వచ్చారు. ఏడు లారీల్లో ఒక్కటీ కట్ట మీంచి జారలేదు.

అయిదు వారాల తర్వాత

మర్నాడే వాన దారి మూసేసింది. అయిదు వారాలు పోస్టులోనే ఇరుక్కున్నాం. తిమ్మప్ప నాతో పనిమాట తప్ప మాట్లాడలేదు. "పప్పు యాడ దించాల సాబ్?" "ఈడ పెట్టు తిమ్మప్పా." అంతే. నేను కదిలించబోతే టైర్ల దగ్గరకు పోయేవాడు. క్షమించమని అడగడం కూడా నాకు బేరంలాగే వచ్చేది, ఏదో ఒకటి ఇవ్వజూపేవాణ్ని. ఒకసారి నా వంతు సిగరెట్లు ఇస్తే, "పెట్టుకోండి సాబ్, మీకు గావాల" అని వెనక్కిచ్చాడు. అతని చోట నేనున్నా అంతే చేస్తాను. నేను చవకగా కొన్నది అతని ప్రాణం మీదికి వచ్చింది.

దారి ఆరాక, "ఆదివారమే బయల్దేరుదాం" అని కెప్టెన్‌ను పట్టుబట్టి ఒప్పించింది అతనే. పల్లె దగ్గరకు వచ్చేసరికి గడ్డికప్పు కింద అప్పుడే మొదలైంది. మేం వెనక గట్టు మీద కూచున్నాం. పెద్దాయన వార్తలు చెబుతున్నాడు. తెలియని భాషలో మాటల మధ్య ఒకటి వినబడింది. "తిమ్మాపా."

తిమ్మప్ప ఉలిక్కిపడ్డాడు. "సాబ్! నా పేరు!"

పీటర్ వంగి చెప్పాడు. "ఆరోజు మీరు లారీ ఎక్కాక ఆ ముసలమ్మ నన్ను పేరు అడిగింది. దారిలో ఉండి ఇంకా ఇల్లు చేరనివాళ్లలో చెబుతున్నారు. ప్రతి ఆదివారం చెప్పారట."

తిమ్మప్ప లేచి నిలబడ్డాడు. ఏం చేయాలో తెలియక సెల్యూట్ కొట్టాడు. ముసలమ్మ తిరిగి చూసింది. కూత పెట్టింది. గుడంతా మా వైపు తిరిగింది, ఆడవాళ్ల కూతలతో గడ్డికప్పు ఎగిరిపోతుందేమో అనిపించింది. ఆమె వచ్చి అతని చెయ్యి పట్టుకుని ముందుకు తీసుకుపోయింది. సందడి తగ్గాక పెద్దాయన అడిగాడు. పీటర్ హిందీలో మాకు చెప్పాడు. "ఇంకా ఎవరి పేరన్నా చెప్పాలా?"

తిమ్మప్ప జనం తలల మీదుగా నా వైపు చూశాడు. అయిదు వారాల్లో నన్ను అంతసేపు చూడడం అదే మొదలు.

"ఆయప్ప పేరు గుడ్క చెప్పమను" అన్నాడు పీటర్‌తో, తనకొచ్చిన హిందీలో. "ఇంగా సగం దారి ఉండాది. మా శెట్టి సాబ్‌కు బండ్లు అలవాటు ల్యాదు, పాపం."

పీటర్ చెప్పాడు. కొందరు నవ్వారు. పెద్దాయన నన్ను లేవమని సైగ చేశాడు. లేచాను. బేరానికి ఎప్పుడూ తడుముకోని నోరు, నా పేరు నేను చెప్పుకోవడానికి రెండుసార్లు తడబడింది.

"సుబ్బరామయ్య."

పెద్దాయన పలికి చూశాడు. నోరు తిరగలేదు. మళ్లీ చెప్పమన్నాడు, చెప్పాను. ముసలమ్మ తిమ్మప్ప చెయ్యి వదలకుండానే తల పక్కకు వంచి విని, అందరికంటే ముందు పలికింది. ఆమె వెనక, గడ్డికప్పు కింద ఉన్నవాళ్లంతా పలికారు.